డబ్బాలో ఆరునెలల ఎండ

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, పేపరు మొహం మీద కప్పుకుని నడుం వాల్చానో లేదో, గేటు గొళ్ళెం చప్పుడయింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కర్నూల్లో గేటు తట్టేది కొరియర్ మనిషైనా అయ్యుండాలి, లేదంటే వదలుకోలేని పనేదో ఉన్న మనిషైనా అయ్యుండాలి. వచ్చింది రెండో రకం. కల్లూరులో మా చిన్నాయన వాళ్ళ పక్కింట్లో ఉండిన బూబమ్మ కూతురు. బూబమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. మా వైపు ముస్లింల ఇళ్ళలో పెద్దావిడను అందరూ అట్లాగే పిలుస్తారు, ముప్పై ఏళ్ళ పరిచయంలో అసలు పేరు అడగాలని మాకెవరికీ తోచలేదు. ఆవిడ పోయి, నలభయ్యో రోజు ఫాతెహా కూడా అయిపోయింది. కూతురు ఆదోని నుంచి బస్సెక్కి వచ్చిందట. చెంబెడు నీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, ఇంకేమీ ముందుమాట లేకుండా అడిగేసింది. "అక్కా, మా అమ్మ ఫోటో ఒకటి మీ కాడ ఉండాదంట గదా. ఆధార్ కార్డు మీద ఉండేది పెద్దది చేపిద్దామని పోతే ఎవరో పరాయి మనిషి మాదిరి వచ్చినాది. డబ్బాతో తీసిన ఫోటోలో నేనుండానని అమ్మ చెప్తాండె."

ఉందన్నాను. అన్నానే గానీ లేచి తేవడానికి కాళ్ళు రాలేదు. ఆ ఫోటో బీరువాలో, చీరల అడుగున, నల్ల కవర్లో ఉంది. దాన్ని బయటికి తీసి చూపించడం అంటే ఆల్బమ్ తిప్పి చూపించినట్టు కాదు. చూసిన ప్రతిసారీ అది కొంచెం కొంచెంగా పోతుంది. ఎందుకు పోతుందో చెప్పాలంటే మా చిన్నాయన సంగతి చెప్పాలి. ఆయన సంగతి మొదలుపెడితే తొందరగా తెమలదు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. ఆలూరు దగ్గర మెట్ట పొలాల్లో పుట్టి, అన్నలంతా వేరుశనగ కాయ నమ్ముకుంటే తానొక్కడు కెమెరా నమ్ముకున్నాడు. మా తాత బతికున్నంతకాలం ఈయన్ను ఇంటిలో చెడిపోయినవాళ్ళ లెక్కలోనే వేశాడు. కర్నూలు పాత బస్టాండు దగ్గర ఆయనకొక స్టూడియో ఉండేది. ముందు గదిలో నీలం పరదా, ప్లాస్టిక్ పూలకుండీ, దువ్వెన వేలాడదీసిన అద్దం. పెళ్ళిళ్ళు, ఓణీ ఫంక్షన్లు, పరీక్ష హాల్ టికెట్ల ఫోటోలు అన్నీ తీసేవాడు. బతుకు ఆ గదిలోనే గడిచేది గానీ ఆయన మనసు మాత్రం వెనకున్న చీకటి గదిలో ఉండేది. అక్కడ ఎర్ర బల్బు కింద, ఎవరూ అడగని ఫోటోలు చేస్తుండేవాడు. లెన్సుకు సగం నల్ల అట్ట అడ్డం పెట్టి ఒకసారి, రెండో సగానికి పెట్టి ఇంకోసారి తీసి, ఒకే మనిషి తనతో తానే చదరంగం ఆడుతున్నట్టు చేసేవాడు. అసలు కెమెరానే లేకుండా, ఫోటో కాగితం మీద వేపరెమ్మో, జల్లెడో, గుప్పెడు వేరుశనగ పొట్టో పరిచి ఒక్క క్షణం లైటు వేసి తీసేసేవాడు. నల్లటి కాగితం మీద ఆ పొట్టు తెల్లగా, చుక్కలు పొడిచినట్టు వచ్చేది. "కాయ పండించేది మీ నాయన, పొట్టు పండించేది నేను" అనేవాడు నాతో. నేను అప్పుడు టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చదువుతూ, సెలవు రోజుల్లో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఆ బొమ్మలకు ఒక్క రూపాయి రాలేదు. రాకపోతే పోనీ, ఫోటో కాగితం దండగైందని చిన్నమ్మ తిట్టేది. ఆ తిట్లు తింటూ నవ్వేవాడు.

మా చిన్నమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. పొట్టి మనిషి, ముదురు రంగు నేత చీర, కొంగు నడుముకు చెక్కి ఉండేది. అన్నం కూడా నిలబడే తినేది. "ఒకతూరి కూర్చోని తినరాదా" అంటే "మళ్ళీ లేయల్ల గదా" అనేది. ఒకరోజు చిన్నాయన చీకటి గదిలో ఫోటో కడుగుతుంటే, ఆవిడ తలుపు తట్టకుండా టీ గ్లాసుతో ధడాలున లోపలికి వచ్చేసింది. వెలుగు పడి సగం కడిగిన ఫోటో నాశనమైందని ఆయన ఒక్క కేక పెట్టాడు. ఆ కేకకు టీ కూడా ఒలికింది. కానీ ఆ కాగితం ఆరాక చూస్తే, ఫోటోలో మనిషి చుట్టూ వెండి తీగ చుట్టినట్టు సన్నటి గీత, వెలుగున్నచోట చీకటి, చీకటి ఉన్నచోట వెలుగు. మూడు రోజులు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆ తర్వాత కావాలనే అట్లా చేయడం నేర్చుకున్నాడు. సరిగ్గా ఎప్పుడు, ఎంతసేపు వెలుగు పడాలో కనిపెట్టడానికి ఆయనకు ఏడాది పట్టింది. పెద్ద పెద్ద దేశాల్లో దానికేదో పేరుందని తర్వాత నేను చదివాను. మా ఇంట్లో మాత్రం దాని పేరు 'మీ చిన్నమ్మ దెబ్బ'. "ఈ ఫోటోకు మీ చిన్నమ్మ దెబ్బ వేద్దామా?" అని అడిగేవాడు నన్ను, వంటింట్లోకి వినపడేట్టు.

ఇన్ని రకాల ఫోటోలు తీసిన మనిషి దగ్గర భార్య ఫోటో ఒక్కటి సరిగ్గా లేదు. తీయక కాదు. తీసిన ప్రతిదాంట్లో ఆవిడ చెదిరిపోయి ఉంటుంది. పెళ్ళి ఫోటోలో చెయ్యి చెదిరింది, ఎవరికో తాంబూలం అందిస్తోంది. గండికోటకు పోయినప్పుడు, కింద పెన్న లోయ కనబడేట్టు కోటగోడ మీద కూర్చోబెట్టి తీసిన దాంట్లో గోడ బాగుంది, లోయ బాగుంది, చిన్నమ్మ ఉండాల్సిన చోట ఒక చీరకొంగు మాత్రం ఉంది. అన్నం మూట విప్పడానికి లేచిపోయిందట. "ఊరందరినీ నిలబెట్టి తీసినా, మీ చిన్నమ్మ ఒక్కతి నాకు నిలబడలా" అనేవాడు చిన్నాయన. తమాషాకే అనేవాడు. ఆ తమాషా ఎంత లోతుకు దిగిందో నాకు తెలిసేటప్పటికి చానా ఏళ్ళు గడిచిపోయాయి.

ఫోన్లలో కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. చిన్నాయన నీలం పరదా తెచ్చి కల్లూరు ఇంట్లో కిటికీకి కట్టాడు. పిల్లలు లేరు వాళ్ళకు. ఉన్నది మూడు గదుల ఇల్లు, ముందర జానెడు వాకిలి, దక్షిణం వైపు ఎత్తుగా నాపరాళ్ళ ప్రహరీ, దానికి సున్నం. ఆ గోడ కింద నీడలో ఒక నాపరాతి తిన్నె. మొదట్లో కల్లూరు అంటే ఊరి అవతల కంప చెట్లు. తర్వాత తర్వాత ఇళ్ళమీద ఇళ్ళు, షెడ్లు, ఆటోలు. పక్కింట్లో బూబమ్మ పాత చీరలతో బొంతలు కుట్టి అమ్మేది. పొడుగు మనిషి, నిటారుగా ఉండేది, తలమీద కొంగు జారనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే పనంతా ముగించుకుని గుడ్డల మూటతో మా వాళ్ళ తిన్నె మీదికి వచ్చేది. ఆవిడ కుట్టేది, చిన్నమ్మ ఆమె చుట్టూ తిరుగుతూ మాట్లాడేది. వాళ్ళ స్నేహమంతా అదే. ఆవిడకు ఫోటో అంటే గిట్టదు. పుట్టింట్లో అలవాటు లేదు, మెట్టినింట్లో ఒప్పుకోరు. చిన్నాయన కెమెరా పట్టుకుంటే చాలు, మొహాన బొంత కప్పుకునేది.

స్టూడియో పోయాక చిన్నాయనకు మిగిలినవి రెండు పెట్టెల ఫోటో కాగితం, ఎప్పుడో గడువు దాటిపోయినవి. వాటికోసమే ఆయన డబ్బాలు మొదలుపెట్టాడు. ఖాళీ పాలపొడి డబ్బా తీసుకుని లోపలంతా నల్లరంగు పూసి, పక్కన సూదిమొనంత రంధ్రం చేసి, లోపల రంధ్రానికి ఎదురుగా కాగితం వంచి పెట్టి, మూతకు నల్ల టేపు చుట్టి, ఏ స్తంభానికో కట్టేసేవాడు. అద్దం లేదు, బటన్ లేదు, కడిగే మందు కూడా లేదు. ఆరు నెలలు అట్లాగే వదిలేస్తే ఆ సూదిరంధ్రంలోంచి వచ్చే ఎండే కాగితాన్ని కాల్చి బొమ్మ వేస్తుంది. సూర్యుడు రోజుకొక గీత గీస్తాడు. ఎండాకాలం నుంచి చలికాలానికి ఆ గీతలు ఒక్కొక్కటే కిందికి దిగుతూ వస్తాయి, తోరణాలు ఒకదాని కింద ఒకటి కట్టినట్టు. మబ్బు పట్టిన రోజు గీత ఉండదు, ఖాళీ ఉంటుంది. మా కర్నూలు ఎండకు ఆ ఖాళీలు ఎన్నుంటాయో మీరే ఊహించుకోండి. "మరి మనుషులు?" అని అడిగాను. "నడిచే మనిషి పడడు, పాపా. వచ్చినోళ్ళు, పోయినోళ్ళు, ఆటోలు, కుక్కలు, ఏదీ ఉండదు దాంట్లో. కదలకుండా ఉండేదే ఉంటాది. గోడ ఉంటాది, చెట్టు ఉంటాది" అన్నాడు. అరవై దాటిన నన్ను ఆయన చివరిదాకా పాపా అనే పిలిచాడు.

అట్లా ఉండగా ఒక ఏడు వేసవిలో చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు చెయ్యి, కాలు, మూతి. ఆస్పత్రి నుంచి వచ్చాక చక్రాల స్టాండు పట్టుకుని నాలుగు అడుగులు వేయగలిగేది, అంతే. పొద్దున టిఫిన్ అయ్యాక చిన్నాయన, తోడుగా నేనో బూబమ్మో పట్టుకుని తీసుకుపోయి తిన్నె మీద, గోడకు ఆనించి కూర్చోబెట్టేవాళ్ళం. కొంచెం కుడివైపు ఒరిగి, మధ్యాహ్నం దాకా అక్కడే. జన్మలో మొదటిసారి ఆవిడ ఒక్కచోట కూర్చుంది. వీధిలో వాళ్ళు పలకరించి పోయేవాళ్ళు. బూబమ్మ పక్కన నేలమీద చాప వేసుకుని కుడుతూ, ఇప్పుడు మాట్లాడే పని కూడా తానే చేసేది. నేను రిటైరై ఖాళీగానే ఉన్నాను కాబట్టి రోజు విడిచి రోజు షేర్ ఆటో ఎక్కి పోయేదాన్ని. ఆ కూర్చున్న మనిషిని చూడలేక వంటింట్లో గిన్నెలు తోముతూ గడిపేదాన్ని.

ఒకరోజు చిన్నాయన పాత కెమెరా తుడిచి బయటికి తెచ్చాడు. చిన్నమ్మ దాన్ని చూసి ఎడమచేత్తో కొంగు మొహం మీదికి లాక్కుంది. మాట ముద్దగా వచ్చేది అప్పటికి, అయినా ఆ మాట మాత్రం స్పష్టంగానే వచ్చింది. "ఈ మూతి వంకర మొగంతో నాకు ఫోటో వద్దు. పోయినంక గోడకు కట్టేది ఈ మొగమేనా?" ఆయన కెమెరా లోపల పెట్టి వచ్చి, వాకిట్లో స్తంభానికి ఆనుకుని చానాసేపు నిలబడ్డాడు. తర్వాత పోయి ఒక పాలపొడి డబ్బా తెచ్చాడు.

"దీంట్లో మొగం రాదు" అన్నాడు.

"రాదా?"

"రాదు. కండ్లు, ముక్కు, మూతి, ఏదీ రాదు. కూర్చున్నావని మాత్రం తెలుస్తాది. అంతే."

చిన్నమ్మ ఆలోచించింది. "ఎంతసేపు కూర్చోవల్ల?"

"ఉత్తరాయణం దాకా."

ఆవిడకు నవ్వొచ్చింది. ఆ వంకర మూతితోనే నవ్వింది. "మొగం రాకపోతే సరే. పెట్టు" అంది. ఉత్తరం వైపు వసారా స్తంభానికి, దక్షిణపు గోడ, తిన్నె, పైన ఆకాశం అన్నీ కనబడేట్టు డబ్బా కట్టి, రంధ్రం మీది టేపు పీకేశాడు చిన్నాయన. నాకు ఆరోజు ఆయన మొహం ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. మనిషి ఇంతకుముందు ఎన్నో ప్రయోగాలు చేశాడు, పోతే పోనీ అనుకుని చేసినవే అన్నీ. ఇదొక్కటి పోతే తట్టుకోలేడని నాకు తెలిసిపోయింది. నిజానికి రోజులో కొన్ని గంటలు కూర్చునే మనిషి ఆరునెలల బొమ్మలో పడుతుందో లేదో ఆయనకే నమ్మకం లేదు. ఆవిడ లోపలికి పోయినప్పుడల్లా వెనక తెల్లగోడ ఆవిడను కొంచెం కొంచెం చెరిపేస్తుందని ఆయన భయం. అందుకే ఆడవాళ్ళిద్దరికీ తమాషాగానే ఒక మాట గట్టిగా చెప్పాడు. "పగటిపూట ఆ జాగా మాత్రం ఖాళీ పెట్టొద్దు. పెడితే బొమ్మ పోతాది." బూబమ్మ సూది ఆపి శ్రద్ధగా విని తలూపింది.

ఆ డబ్బా వీధికి కొన్నాళ్ళు మంచి కాలక్షేపం. ఆటో తోలే అబ్బాయి "ఏమప్పా, సీసీ కెమెరా పెట్టినావా? ఏమి పోయినాది ఇంట్లో?" అని అడిగాడు. నీళ్ళు వదిలే మనిషి అది దిష్టికి కట్టారనుకుని, తమ ఇంటికి కూడా ఒకటి కావాలన్నాడు. అన్నిటికన్నా పెద్ద సంగతి దసరాకు జరిగింది. ఆయుధపూజ రోజు మా వైపు ఇంట్లో పనిముట్టు అన్నదానికల్లా పసుపు కుంకుమ పెడతారు. కత్తిపీట, సుత్తి, స్కూటరు, మిక్సీ, ఏదీ వదలరు. ఆరోజు నేను వంటింట్లో ఉండగా, చిన్నమ్మ స్టాండు పట్టుకుని తనంతట తాను తిన్నె మీంచి లేచి, వాకిలి దాటి, స్తంభం దాకా పోయి, ఎడమచేత్తో డబ్బాకు బొట్టు పెట్టింది. ఇంటాయన పనిముట్టు గదా మరి. డబ్బాకు మొహం ఎక్కడుంటుంది? కన్ను ఉన్నచోటే ఉంటుందని, సరిగ్గా రంధ్రం మీదే పెట్టింది. నీళ్ళతో కలిపిన కుంకుమ, ఎండకు అట్ట కట్టింది. రెండుమూడు రోజుల తర్వాత గానీ చిన్నాయన చూసుకోలేదు. చూసి, సూదితో మెల్లగా గీకి తీశాడు. తిట్టబోతాడేమోనని నేను మధ్యలోకి పోయాను. ఆయనకు తిట్టే ఉద్దేశమే లేదు. "అంత దూరం నడిచిందా?" అని రెండుసార్లు అడిగాడు. "ఒక్కతే నడిచిందా?" ఆ సాయంత్రం వీధిలో అందరికీ మిఠాయి పంచాడు. కారణం అడిగితే దసరా అన్నాడు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, తిన్నె మీంచి తీసుకొచ్చి పడుకోబెట్టాక, చిన్నమ్మ నిద్రలోనే పోయింది. బాధపడినట్టు కూడా లేదు. నేను ఇక్కడ ఏడుపులు రాయను. రాయడం నాకు చేతకాదు, ఇన్నేళ్ళయినా. కొడుకులు లేరు కాబట్టి కర్మ చిన్నాయనే చేశాడు. గుండు చేయించుకుని, తడిబట్టతో నిలబడిన ఆ మనిషిని చూస్తే నాకు ఎవరో తెలియని మనిషిలా అనిపించాడు. ఇంటినిండా బంధువులు. ఆవిడ పోయిన గదిలో దీపం. ఆలూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు చాపలు వేసుకుని వసారాలో కూర్చుని వానల గురించి, కాయ ధర గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

మూడో రోజు చేసే చిన్నదినం అయిన మర్నాడు, స్టవ్ దగ్గర టీ కాస్తుండగా నాకు డబ్బా గుర్తొచ్చింది. దాని కన్ను తెరుచుకునే ఉంది. తిన్నె మీద మనిషి లేదు. వెనక ఉత్త తెల్లగోడ. చిన్నమ్మ కూర్చున్న ఆ నెలలన్నిటినీ ఎండ రోజూ కొంచెం కొంచెం తుడిచేస్తోంది, మేమందరం ఇంట్లోనే ఉండి. స్టవ్ ఆపేసి, చిన్నాయన పెట్టెలోంచి నల్ల టేపు ముక్క చించుకుని వాకిట్లోకి పరుగెత్తాను.

తిన్నె మీద బూబమ్మ కూర్చుని ఉంది.

చాప మీద కాదు, తిన్నె మీద. చిన్నమ్మ కూర్చునే చోట, గోడకు వీపు ఆనించి, తలమీద కొంగుతో, డబ్బా వైపు చూస్తూ. చేతిలో సూది లేదు, గుడ్డ లేదు. ఆవిడ చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకోగా నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"బూబమ్మా, ఈడ కూర్చున్నావేమి?"

"జాగా ఖాళీ పెట్టొద్దని అన్న చెప్పినాడు గదమ్మా" అంది, కదలకుండానే. "మీరంతా పనిలో ఉండారు. అక్కను తీస్కపోయిన కాడినుంచి నేనే కూర్చుంటాండా."

"నీకు ఫోటో అంటే పడదు గదా?"

"మొగం రాదంటిరి గదా. వచ్చినా ఏమిలే. అక్కది పోగూడదు."

ఆవిడ ఆ తిన్నెను రైలు బోగీలో సీటు కాచినట్టు కాస్తోంది. అక్క వచ్చేదాకా ఎవరూ ఆక్రమించకుండా. కానీ ఈ డబ్బాకు అక్క ఎవరో, చెల్లె ఎవరో తెలియదు. కూర్చున్నకొద్దీ చిన్నమ్మ మీద బూబమ్మ పడుతుంది. అది చెప్పాలని, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోరు కదా, తెరిచాను కూడా. వెనకనుంచి చిన్నాయన గొంతు వినబడింది. వసారా గడప మీద, గుండు మీద తువ్వాలతో నిలబడి ఉన్నాడు. నన్ను చేత్తో పిలిచాడు.

"గమ్మునుండు పాపా. చెప్పొద్దు."

"టేపు వేద్దామని..."

ఆయన గుప్పిట విప్పాడు. అందులోనూ ఒక నల్ల టేపు ముక్క ఉంది, చెమటకు ఉండ చుట్టుకుపోయి. "నేను తొలిరోజే వచ్చినా. అందరూ కాటికాడ నుంచి వచ్చి నీళ్ళు పోసుకుంటాంటే, నేను దీనికోసమే వచ్చినా. అప్పటికే వచ్చి కూర్చున్నాది. ఎట్ల మూసేది, చెప్పు?"

"చిన్నమ్మ పోతుంది కదా చిన్నాయనా దాంట్లో."

ఆయన తిన్నె వైపు చూశాడు. "పోతే పోనీ" అన్నాడు. ఆ మాట ఆయన తన ప్రయోగాలన్నిటికీ అంటూ వచ్చినదే. ఈసారి అనడానికి ఎంత కష్టపడ్డాడో నేను చూశాను. "మీ చిన్నమ్మ కోసం ఆమె కూర్చోని ఉండాది. దానికంటే మంచి బొమ్మ నాకు యాడ దొరుకుతాది?"

పెద్దదినం అయింది, బంధువులు వెళ్ళిపోయారు. బూబమ్మ మాత్రం ఉత్తరాయణం దాకా మానలేదు. పొద్దున్నే వచ్చి, చిన్నమ్మ లేచే వేళకే లేచి పోయేది. చలికి శాలువా కప్పుకునేది గానీ ముదురు రంగుదే కప్పుకునేది, అక్క చీర రంగుది. ఇది నేను తర్వాత గమనించాను. చిన్నాయన వసారాలో కుర్చీ వేసుకుని, డబ్బా పక్కనే, ఆమెకు ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ.

డబ్బా విప్పిన రోజు కిటికీకి ఆ పాత నీలం పరదా లాగి, తలుపులు వేసి, నన్ను, బూబమ్మను మాత్రం లోపల ఉంచాడు. "తొందరగా చూడల్ల. దీన్ని నిలబెట్టే మందు లేదు. ఫోటోలు కడిగే హైపో మందులో ముంచితే సగం బొమ్మ కొట్టుకపోతాది. ముంచకపోతే వెలుతురు తగిలినప్పుడల్లా నల్లబడతాది. మన చూపుకు కూడా వెలుతురు కావల్ల గదా, అదే తింటాది దాన్ని" అన్నాడు. కాగితం బయటికి తీసి పరుపు మీద పరిచాడు. అంతా తారుమారుగా ఉంది. ఎండ నల్లగా, నీడ తెల్లగా. పైనుంచి కిందికి గీతలు గీతలుగా సూర్యుడు దిగుతూ వచ్చాడు. వానలు లేని ఏడు, ఖాళీలు తక్కువ. మధ్యలో ఒకచోట మాత్రం చక్కగా, ఎవరో వేలితో తుడిచినట్టు ఒక ఖాళీ. "మబ్బు" అన్నాను. "కుంకుమ" అన్నాడు చిన్నాయన, దానిమీద వేలు ఆనించకుండా పైనే ఉంచి.

ఆ గీతలన్నిటి కింద, గోధుమరంగు గోడ ముందర, ఆ మనిషి ఉంది. తెల్లగా, మంచు పట్టినట్టు. మొహం లేదు, చెప్పినట్టే. కానీ ఒకటి కాదు, రెండు. కింద పొట్టిగా, కుడివైపు ఒరిగి ఒక ఆకారం. అందులోంచే, దాని భుజం మీదుగా, ఇంకొంచెం పలచగా, పొడుగ్గా, నిటారుగా ఇంకో ఆకారం. రెండింటికీ నడుము ఒకటే, తిన్నె ఒకటే. బూబమ్మ భయంగా చిన్నాయన మొహం చూసింది. "పాడు చేసినానా, అన్నా?" అంది.

చిన్నాయన కాగితానికి మొహం దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు. "చూడు పాపా, చూడు! లేస్తాంది. ఆరునెల్లు కూర్చోమంటే దీంట్లో కూడా లేస్తాంది చూడు మీ చిన్నమ్మ!" నిజంగానే అట్లా ఉంది. ఒరిగి కూర్చున్న మనిషి, గోడ మీంచి వీపు తీసి, నిటారుగా, ఎవరికో టీ ఇవ్వడానికి లేస్తున్నట్టు. ఆ కుడివైపు ఇక లాగడం లేదు. నవ్వు నవ్వుగానే ఉండగా ఆయన కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. చిన్నమ్మ పోయినప్పటి నుంచి మేము చూడని నీళ్ళు. బూబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెలుతురు తింటుందని తెలిసి కూడా ఆయనే కవర్లో పెట్టడం మర్చిపోయాడు. నేనే తీసి పెట్టాను.

తెలిసిన కలర్ ల్యాబులో ఒక్కసారి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాం. ఆ కాపీ నా ఫోన్లో కూడా ఉంది. అందులో ఎండ తెల్లగా, మనుషులు నల్లగా, అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎందుకో నాకది అచ్చులో పడిన వార్తలా అనిపిస్తుంది. కాగితం చిన్నాయన దగ్గరే ఉండేది. ఆయన పోయే ముందు నల్లకవరు నా చేతిలో పెట్టి, "చూడొద్దని చెప్పను. చూసినంత పోతాది, అంతే" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఒక్కసారి కూడా తీయలేదు. బీరువా తెరిచినప్పుడల్లా అది అక్కడుందని తెలియడమే నాకు చాలనుకున్నాను.

ఇదంతా బూబమ్మ కూతురికి చెప్పాను. ముందు ఫోన్లో బొమ్మ చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి చూసింది, మర్యాదకు తలూపింది, ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "అసలుది ఉండాదా అక్కా? అమ్మ నీడ పడిన కాగితం?" అని అడిగింది. చేయి జాపి అడగలేదు. అయినా ఆ అడగడం నాకు కొత్తేమీ కాదు. గండికోట ఫోటోలో చీరకొంగు మీద వేలు పెట్టి చిన్నాయన వెతుక్కున్నది కూడా అదే, మనిషి ఉండిన జాడ.

లేచి పోయి, చీరల కిందినుంచి కవరు తీశాను. కిటికీ తలుపులు దగ్గరికి వేయబోయాను. చీకట్లో ఆ పిల్లకు ఏం కనబడుతుంది? వేయలేదు. మంచం మీద, మధ్యాహ్నపు వెలుతురులో కాగితం పరిచాను. గీతలు, కుంకుమ ఖాళీ, తిన్నె, ఇద్దరు. కూతురు వంగి చూసింది. పొడుగు ఆకారం చుట్టూ, గాలిలోనే, వేలితో గీసింది. "నిటారుగా, అట్లనే కూర్చుంటాండె" అంది. తర్వాత కింద ఒరిగిన ఆకారం చూపించి, "ఈమె ఒరిగితే పట్టుకున్నట్టు ఉండాది మా అమ్మ" అంది. చిన్నాయనకు లేస్తున్నట్టు కనబడింది, ఈ పిల్లకు పట్టుకున్నట్టు కనబడింది. ఇన్నేళ్ళూ నాకు ఏం కనబడేదో చూసుకోవడానికి నేను కవరే తెరవలేదు. అంచుల దగ్గర కాగితం నెమ్మదిగా నల్లబడడం నాకు తెలుస్తూనే ఉంది. కవరు నా ఒళ్ళోనే ఉంది. ఆ పిల్ల చూడడం అయ్యేదాకా, నా చూపు కూడా తీరేదాకా, దాన్ని అందుకోలేదు. ఆరునెలలు పట్టి పోగైన కాలం ఆ మధ్యాహ్నం మా ఇద్దరి కళ్ళెదుటా కొంచెం కరిగిపోయింది, కరుగుతున్నంతసేపూ మాత్రం అది మాతోనే ఉంది.